పిల్లలు, పొద్దు, పట్నం

ఏప్రిల్ చివరి వారంలో బడికి తాళం పడుతుంది. మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలో. ఆ సెలవులకు ఒకప్పుడు ప్లానింగ్ అంటూ ఏమీ ఉండేది కాదు. అమ్మమ్మ ఊరికి బస్సెక్కించేస్తే సరిపోయేది. బావి, మామిడితోట, మేనమామ పిల్లలు, డాబా మీద పడక... మిగతాదంతా పిల్లలే చూసుకునేవాళ్లు. హైదరాబాద్ పుప్పాలగూడలో ఇప్పుడు లెక్క తిరగబడింది. అమ్మమ్మే ఊరి నుంచి వచ్చి ఇరవై రెండో అంతస్తు బాల్కనీలో వడియాలు ఎండబెడుతోంది. అమ్మానాన్నలిద్దరికీ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగాలు. చేతిలో మిగిలేది ఆదివారం ఒక్కటే. శుక్రవారం రాత్రి కంచాల ముందు కూర్చోగానే ఆ ప్రశ్న రానే వస్తుంది: "ఎల్లుండి ఎక్కడికెళ్దాం నాన్నా?"

జవాబు చాలా ఇళ్లలో తయారుగానే ఉంటుంది. మాల్. చల్లగా ఉంటుంది, కారు పెట్టుకోవచ్చు, బాత్రూంకి వెతుక్కోనక్కర్లేదు, పెద్దవాళ్లు కూర్చోవడానికి కుర్చీ దొరుకుతుంది. మాల్‌ని తిట్టడానికి రాస్తున్నది కాదిది. నలభై దాటిన మధ్యాహ్నం ఏసీ ఉన్న చోటల్లా స్వర్గమే. కాకపోతే ఆ రోజు గచ్చిబౌలిలో గడిచినా, బెంగళూరులో గడిచినా ఒకటే. పుట్టి పదేళ్లయినా ఔటర్ రింగ్ రోడ్డుకీ కొండాపూర్‌కీ మధ్యనే హైదరాబాద్ అంతా ఉందనుకునే పిల్లలు ఈ చుట్టుపక్కల కొల్లలు. నగరం మధ్యలో గుట్ట మీద అసలు సిసలు తెలంగాణ డైనోసార్ నిలబడి ఉందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

చెప్పి తీసుకెళ్లిన ఇళ్లలోనూ ఆ రోజు తరచుగా ఏడుపుతోనే ముగుస్తుంది. తప్పు చోటుది కాదు, వేళది. మనం ముందు చోటు ఎంచుకుని, తర్వాత టిఫిన్లు తిని, తీరిగ్గా పదిన్నరకి బయల్దేరతాం. పన్నెండింటికి గోల్కొండ మెట్ల మీద ఉంటాం. మే నెలలో ఈ వరస చెల్లదు. ముందు పొద్దుని అడగాలి, చోటు సంగతి తర్వాత.

పొద్దు గీసిన టైంటేబుల్

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. మే 25 ప్రాంతంలో మొదలై దాదాపు రెండు వారాలు ఉండే ఆ కార్తెలోనే, 1966 జూన్ 2న, హైదరాబాద్‌లో 45.5 డిగ్రీలు నమోదైంది. మామూలు వేసవిలో కూడా పదకొండు దాటితే రోడ్డు సెగ కక్కుతుంది. రెండు నుంచి నాలుగు దాకా అసలు మంట. తారు, కాంక్రీటు, అద్దాల గోడలు పగలంతా తాగిన వేడిని సాయంత్రం మనకి తిరిగిస్తాయి. ఐటీ కారిడార్‌లో ఆ తిరిగిచ్చే వేడి మరీ ఎక్కువ.

కాబట్టి రోజుని మూడు ముక్కలు చేసుకోవాలి. ఆరు నుంచి తొమ్మిది దాకా ఆకాశం కింద. పది నుంచి నాలుగు దాకా కప్పు కింద, అదీ మందపాటి గోడలైనా, ఏసీ అయినా ఉన్న కప్పు. ఐదు దాటాక మళ్లీ బయట. మూడు ముక్కలూ నింపి తీరాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఐదేళ్లలోపు పిల్లలుంటే ఒక ముక్క చాలు, ఇంటికొచ్చి పడుకోబెట్టండి. ఆరేళ్ల నుంచి పదేళ్ల వాళ్లకి రెండు. మూడూ చేయగలిగేది పదకొండు దాటినవాళ్లే. వాళ్లేమో మనతో రామంటారు! వాళ్ల స్నేహితుల్లో ఒకరిని వెంట పిలుచుకోమంటే వస్తారు.

పాతకాలం హైదరాబాదీలకి ఈ లెక్క బాగా తెలుసు. పుప్పాలగూడకి కూతవేటు దూరంలో, ఇబ్రహీంబాగ్‌లో ఉన్న తారామతి బారాదరిని చూడండి. గుట్ట నెత్తిన కట్టిన మండపానికి పన్నెండు ద్వారాలు. ఏ దిక్కున గాలి కదిలినా లోపలికి రావాల్సిందే. కరెంటు లేని కాలంలో చల్లదనాన్ని అలా పట్టుకున్నారు. ఏ సాయంత్రమో తీసుకెళ్లి పిల్లల్ని ఆ ద్వారాలు లెక్కపెట్టమనండి, ఎక్కడ నిలబడితే గాలి బాగా తగులుతోందో వాళ్లనే తేల్చమనండి. గైడు అవసరం పడదు.

రాళ్లను ఎవరు పేర్చారు?

ఉదయం ముక్కకి పుప్పాలగూడ వాళ్లు ఊరు దాటనక్కర్లేదు. ఖాజాగూడ గుట్టలు పక్కనే. ఒక రాయి మీద ఇంకో రాయి, దాని మీద ఇప్పుడో అప్పుడో దొర్లేట్టు మూడోది. ఏ పిల్లాడైనా మొదట అడిగేది ఒక్కటే: "వీటిని ఎవరు పేర్చారు?"

ఎవరూ పేర్చలేదు. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో కరిగిన శిలాద్రవం మెల్లగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న మట్టి, రాయి కోట్ల ఏళ్లపాటు కొట్టుకుపోతూ వచ్చేసరికి లోపలి గ్రానైట్ మీద బరువు తగ్గి, నిలువుగా అడ్డంగా పగుళ్లు పడ్డాయి. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి, మూలలు అరిగి, దిమ్మెలు గుండ్లయ్యాయి. మధ్యనున్న మెత్తటి పదార్థం వానలకు పోయింది. గుండ్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. అంటే అవి ఎక్కడినుంచో వచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కినవి కావు, ఒకే బండ అలా విడిపోయింది. పిల్లాడి చెయ్యి పట్టుకుని రెండు గుండ్ల మధ్య సందులో పెట్టించండి. పైరాయి అడుగు, కిందిరాయి నెత్తి ఒకదానికొకటి ఎలా అతుకుతాయో వేళ్లకే తెలుస్తుంది. హిమాలయాల వయసు ఐదు కోట్ల ఏళ్ల చిల్లర అని చెబితే, వాళ్లు ఆ రాయిని ఇంకోసారి ముట్టుకుని చూస్తారు.

పుప్పాలగూడ, మణికొండ, నానక్‌రామ్‌గూడల్లో ఇలాంటి గుట్టలు చాలానే ఉండేవి. టవర్ల పునాదుల కోసం పేల్చేశారు. మిగిలినవాటిని కాపాడాలని 1996లో ఏర్పడిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' జనాన్ని వెంటపెట్టుకుని రాళ్ల నడకలు నిర్వహిస్తుంటుంది. కుటుంబంతో మొదటిసారి వెళ్లేవాళ్లకి అలాంటి గుంపుతో కలవడం మంచిది. సొంతంగా వెళ్తే మాత్రం బాగా తెల్లవారాకే వెళ్లాలి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి, సందుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి చూడాలి. ఎండాకాలంలో పాములు కూడా నీడే వెతుక్కుంటాయి.

రాళ్లెక్కే ఓపిక లేదంటారా, సైకిల్ ఉంది. ఔటర్ పక్కన 2023 అక్టోబర్‌లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మనకి దగ్గరే. ఒక పాయ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు, ఇంకోటి నార్సింగి నుంచి కొల్లూరు వైపు సాగుతాయి. దీనికి నెత్తిన కప్పు ఉంది, ఆ కప్పేమో సోలార్ పలకలది. మనం నీడలో తొక్కుతుంటే పైన ఎండ కరెంటు అవుతుంటుంది. కార్లూ బైకులూ అడ్డం రావు కాబట్టి కొత్తగా పక్కచక్రాలు తీసేసినవాళ్లకి ఇంతకంటే మంచి చోటు లేదు. ఒక జాగ్రత్త: వెళ్లేటప్పుడు హుషారుగా ఐదు కిలోమీటర్లు తొక్కేసిన పిల్ల, తిరిగొచ్చేటప్పుడు మొదటి కిలోమీటరులోనే కూలబడుతుంది. వాళ్లు అలసిపోయామని చెప్పేదాకా ఆగకుండా, సరదాగా ఉండగానే వెనక్కి తిప్పాలి.

తిరిగొచ్చే దారిలో రోడ్డు పక్కన ఆకులు పరిచి తాటికాయలు కుప్ప పోసుకుని ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు.

"లేతయేనా అన్నా?"

"పొద్దుగాలనే దింపినమమ్మా. ఒత్తి చూస్కో, నీళ్లు గారుతయ్."

ఇక్కడ డజను ముంజలు ఒలిపించుకుని కవర్లో పోయించుకుని కారెక్కేయకండి. కాయ కొట్టడం పిల్లలకి చూపించండి. కత్తి రెండుమూడు దెబ్బలకి తల ఎగిరిపోతే, లోపల మూడు కళ్లు బయటపడతాయి. ఒక కాయ అలాగే పుచ్చుకుని, పిల్లల బొటనవేలు ఒక కంట్లో గుచ్చించండి. గుచ్చగానే నీళ్లు చిమ్ముతాయి, చొక్కా మీద పడతాయి, ఆ మరక పోదు. పోకపోతే పోనివ్వండి. లోపలి గుజ్జు వేలితోనే లాక్కుని తినాలి. ఒలిచిన ముంజలకైతే పైన లేత పసుపు తొక్క ఉంటుంది. అది వగరు. పిల్లల చేతనే తీయిస్తే పది నిమిషాలు గోల లేకుండా గడిచిపోతుంది.

జూ సంగతి

హైదరాబాద్‌లో పిల్లల పిక్నిక్ అనగానే మూడు తరాలుగా జూపార్కే. 1963 అక్టోబర్‌లో తెరిచారు, 380 ఎకరాలు. పుప్పాలగూడ నుంచి దూరమే కానీ, ఔటర్ మీదుగా ఆరాంఘర్ చేరితే, అక్కడినుంచి జూపార్క్ దాకా 2025 జనవరిలో తెరిచిన పెద్ద ఫ్లైఓవర్ ఉంది. పాతబస్తీ ట్రాఫిక్ భయం చాలావరకు తగ్గింది. సోమవారం జూకి సెలవు.

వేసవిలో జూకి వెళ్లాలా వద్దా అంటే, గేటు తీసే వేళకి అక్కడ ఉండగలిగితేనే వెళ్లండి. పదకొండుకి బయటపడాలి. మధ్యాహ్నం పులి కూడా మనలాగే పడుకుంటుంది, నీడలో తోక మాత్రం కనిపిస్తుంది. ఉదయాన్నే వెళ్తే వేసవి ఏర్పాట్లు చూడొచ్చు. వట్టివేళ్ల తడకలు, కూలర్లు, నీళ్లు చిమ్మే పైపులు, ఏనుగులకీ ఎలుగులకీ పుచ్చకాయలు. మొత్తం తిరగాలన్న పట్టుదల వద్దు. ముందురోజే పిల్లల్ని తలా రెండు జంతువులు ఎంచుకోమని, అవి చూసి వచ్చేయడమే. పక్కనే బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. బూటు ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో, కెమెరా ఆకారంలో కార్లు. అన్నీ నడిచేవే. అరగంట చాలు.

గోల్కొండ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎవరికి కోపమొచ్చినా సరే. మే నెలలో వద్దు. కోట పైనున్న బాలాహిస్సార్ దాకా ఎక్కి దిగడానికి ఆ ఎండలో పిల్లలకి ఓపిక ఉండదు, మనకీ ఉండదు. కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైన వినిపిస్తుందని చెప్పి, నమ్మించి, నవంబర్‌లో మళ్లీ వద్దామని మాటివ్వండి.

మెట్రోలో సగం సరదా

మధ్యాహ్నం ముక్కకి కారు ఇంట్లోనే వదిలేయమంటాను. మెట్రో పుప్పాలగూడ దాకా ఇంకా రాలేదు కానీ, రాయదుర్గం స్టేషన్‌కి ఆటోలోనో క్యాబ్‌లోనో చేరితే చాలు. 2019 నవంబర్ నుంచి నీలం లైను అక్కడిదాకా ఉంది. అమీర్‌పేటలో దిగి ఎర్ర లైనుకి మారాలి. ఆ మారే పని పిల్లలకి అప్పగించండి. బోర్డులు చదివి, ఏ మెట్లెక్కాలో, ఏ ప్లాట్‌ఫాం మీద నిలబడాలో వాళ్లే తేల్చాలి. తెలుగు చదవడానికి బద్ధకించే పిల్ల కూడా ఇక్కడ 'ఎల్బీ నగర్ వైపు' అన్న అక్షరాలు కూడబలుక్కుంటుంది. తప్పు ప్లాట్‌ఫాం ఎక్కినా పోయేదేమీ లేదు, ఎదురుగా ఇంకో బండి ఉంటుంది.

పనులు పంచడం ఈ ప్రయాణంలో పెద్ద ఉపాయం. ఒకరు దారి చూపాలి, ఒకరు నీళ్ల సీసాల లెక్క చూడాలి. తలా వంద రూపాయలు ముందే చేతిలో పెట్టేసి, బెలూనయినా, చాక్లెటయినా అందులోంచే అని చెప్పాలి. "అది కొనివ్వు, ఇది కొనివ్వు" అన్న పాట అక్కడితో ఆగిపోతుంది. సొంత డబ్బు ఖర్చుపెట్టాల్సి వస్తే పిల్లలంత పిసినారులు లేరు.

అమీర్‌పేట తర్వాత ఐదో స్టేషన్ అసెంబ్లీ. అక్కడ దిగి ఆటో ఎక్కితే నౌబత్ పహాడ్. ఎత్తు బాగా ఉంటుంది, ఎండలో నడిపించకండి. ఒకప్పుడు నగారాలు మోగించిన ఈ గుట్ట మీద ఇప్పుడు ఒకవైపు బిర్లా మందిర్, ఇంకోవైపు బిర్లా సైన్స్ సెంటర్. ఇక్కడి ప్లానెటేరియాన్ని 1985 సెప్టెంబర్ 8న ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు ప్రారంభించారు. చీకట్లో తల వెనక్కి వాల్చుకుని తెలుగులో నక్షత్రాల కథ వినడం మధ్యాహ్నం రెండింటికి దొరికే మంచి సుఖాల్లో ఒకటి. పిల్లలు గ్రహాలు చూస్తుంటే, పక్కసీటులో తాతయ్య చిన్న కునుకు తీస్తాడు. ఇద్దరికీ టికెట్టు గిట్టుబాటే.

మన డైనోసార్‌కి తల లేదు

సైన్స్ సెంటర్‌లో నిదానించాల్సింది డైనోసారియం దగ్గర. లోపలున్న అస్థిపంజరం పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఏ అమెరికా నుంచో తెచ్చుకున్నది కాదు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి మంచిర్యాల జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర, ప్రాణహిత-గోదావరి లోయ రాళ్లలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు తవ్వి తీసింది. శాస్త్రవేత్త పి.యాదగిరి 1988లో దానికి పేరు పెట్టి ప్రపంచానికి పరిచయం చేశారు. దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందటి జంతువు. పొడుగు మెడ, పొడుగు తోక, సిటీ బస్సంత నిడివి. ఆకులలములు మాత్రమే తినేది. అంత పెద్దది శాకాహారి అని తెలియగానే టి-రెక్స్ అభిమానులు కొంచెం నిరాశపడతారు. కంగారు పడకండి, అసలు కథ ఇంకా ఉంది.

ఎముకలు ఒక్క జంతువువి కావు. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు ఒకే చోట కలగాపులగంగా దొరికాయి. వాటిలోంచి సరిపోయేవి ఏరి ఒక రూపం నిలబెట్టారు. మెడ దొరికింది, వెన్ను దొరికింది, కాళ్లు దొరికాయి. తల మాత్రం దొరకలేదు. పుర్రె జాడే లేదు, రెండు పళ్లు తప్ప. అంటే మనం కింద నిలబడి నోరు తెరుచుకుని చూసే ఆ తల, ఇలా ఉండి ఉంటుందని పెద్దలు ఊహించి పెట్టింది. ఈ సంగతి చెప్పాక పిల్లల మొహాలు చూడాలి. అప్పటిదాకా అస్థిపంజరం పక్కన సెల్ఫీ దిగి వెళ్లిపోదామనుకున్నవాళ్లు వెనక్కి తిరుగుతారు. "మరి తల ఎటు పోయింది? ఎవరైనా తినేశారా? ఇంకా యామన్‌పల్లిలోనే ఉందా?" పొడుగు మెడ డైనోసార్ల పుర్రెలు పల్చటి ఎముకలతో, మెడకి అంత గట్టిగా అతుక్కోకుండా ఉండేవి. చచ్చిపోయాక ముందుగా ఊడిపోయేవి, చితికిపోయేవి. ప్రపంచంలో చాలాచోట్ల ఇదే సమస్య. ఆ తల ఎప్పటికైనా దొరకవచ్చు. ఎవరికి దొరుకుతుందో ఎవరు చెప్పగలరు, మీవాడికే కావచ్చు.

వెళ్లేటప్పుడు తెల్ల కాగితాలు, పెన్సిళ్లు పట్టుకెళ్లండి. మొండెం మ్యూజియం వాళ్లది, తల ఎవరికి తోచింది వాళ్లు గీయాలి. నాకు తెలిసిన ఒక ఆరేళ్ల అమ్మాయి దానికి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టింది. శాస్త్రం అడ్డుచెప్పలేదు.

డైనోసార్ల మీద మోజు లేని ఇంట్లో ఇదే మధ్యాహ్నాన్ని సాలార్‌జంగ్ మ్యూజియంలో గడపొచ్చు. శుక్రవారం సెలవు, ఆదివారం కిటకిట. అదే ఎర్ర లైను మీద ఎంజీబీఎస్ దాకా వెళ్లి ఆటో పట్టుకోవాలి. 1951 డిసెంబర్ 16న నెహ్రూ ప్రారంభించిన ఈ మ్యూజియం 1968 నుంచి మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలో ఉంది. అన్ని గదులూ చూపించాలన్న మోజు పెట్టుకుంటే మూడో గది దగ్గరే పిల్లలు మొరాయిస్తారు. పన్నెండు లోపే గడియారం ముందు బెంచీల మీద చోటు సంపాదించండి. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరున్న ఆ గడియారంలో ఒక కమ్మరి సెకనుకో దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటాడు. గంట కాగానే చిన్న తలుపు తీసుకుని ఒక గడ్డం బుల్లిమనిషి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు గంట మీద కొట్టి, మళ్లీ లోపలికి పోతాడు. ఒంటిగంటకి వెళ్తే ఒక్క దెబ్బే, పన్నెండుకి వెళ్తే పన్నెండు. గిట్టుబాటు ఏదో పిల్లలకి చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత మేలిముసుగు రెబెక్కా దగ్గరికి తీసుకెళ్లి, ఆ పల్చటి పరదా కూడా పాలరాయేనని చెప్పండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నాడు. ఇంకేం చూపించకపోయినా పర్వాలేదు.

డైనోసార్, గడియారం, పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ... మూడూ మెట్రో దారిలోనే ఉన్నాయి కదా, ఒకే రోజు చుట్టేద్దామని పెద్దవాళ్లకి అనిపిస్తుంది. నా మాట వినండి, ఒక్కటే. మిగిలినవి ఎక్కడికీ పోవు. మమ్మీ వయసే రెండువేల ఏళ్ల పైమాట, ఇంకో వారం ఆగగలదు.

నీళ్ల సంచి

సంచిలో ముందు నీళ్లు, తర్వాతే మిగతావి. మజ్జిగ ఒక ఫ్లాస్కులో, సబ్జా నానేసిన నిమ్మరసం ఇంకో దాంట్లో. బయల్దేరేముందు రాగిజావ తాగిస్తే పదకొండు దాకా ఆకలనరు. దాహమేసిందని పిల్లలు అడిగేదాకా ఆగకూడదు. ఆటలో పడితే వాళ్లకి గుర్తుండదు. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారినా, గంటల తరబడి బాత్రూం ఊసే ఎత్తకపోయినా ఒంట్లో నీళ్లు తగ్గినట్టే.

ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు పెట్టుకోండి. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందా అని చూసి కొనాలి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో సగం పొడి వేసి ఇవ్వకూడదు. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని దుకాణాల్లో దొరికిన తియ్యటి డబ్బా పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడారు. ఆ ఫార్ములా లేనివాటికి ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది.

పిల్లాడు నలతగా, మత్తుగా ఉన్నా, తలనొప్పి, వాంతి అన్నా ఆట ఆపి నీడకి చేర్చాలి. బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ, నేరుగా ఆసుపత్రికే. పార్క్ చేసిన కారులో పిల్లల్ని ఐదు నిమిషాలు కూడా వదలొద్దు. అద్దాలు కాస్త దించి పెట్టాం కదా అన్న ధైర్యం అస్సలు పనికిరాదు.

సాయంత్రం, చల్లగా

ఐదు దాటాక నౌబత్ పహాడ్ మీదే ఉంటే బిర్లా మందిర్‌కి ఎక్కండి. రాజస్థాన్ తెల్ల పాలరాయితో కట్టిన ఈ గుడి 1976లో తెరిచారు. చెప్పులు విప్పాలి కాబట్టే సాయంత్రం అంటున్నాను. ఫోన్లు లోపలికి రానివ్వరు. ఫోన్ లేని అరగంటలో పిల్లలు పిట్టగోడ పట్టుకుని హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుణ్ని చూస్తారు. 1990లో ఆ విగ్రహాన్ని పడవ మీద తీసుకెళ్తుంటే నీళ్లలో మునిగిపోయిందని, రెండేళ్లకి పైగా అడుగునే పడుకుందని, 1992 చివర్లో పైకి తీసి నిలబెట్టారని చెప్పడానికి అదే సరైన చోటు.

ఆకాశం కూడా ఒకసారి చూసుకోవాలి. మే సాయంత్రాల్లో మబ్బు ఎటునుంచి పుడుతుందో తెలియదు. పావుగంటలో గాలిదుమారం, వెంటనే వడగళ్లు. ఈదురుగాలి మొదలైతే చెట్ల కిందా, హోర్డింగుల కిందా నిలబడకుండా మెట్రో స్టేషన్‌లోకి వెళ్లిపోవడమే క్షేమం. హుస్సేన్‌సాగర్‌లో పడవ షికారు ప్లాన్ ఉంటే దాన్ని ఆశగా మాత్రమే పెట్టుకోండి, మాటగా ఇవ్వకండి.

ఆఖరి మజిలీ మొజంజాహీ మార్కెట్. అసెంబ్లీ దగ్గర మళ్లీ మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ గాంధీభవన్, అక్కడినుంచి కాస్త నడక. ఏడో నిజాం కాలంలో 1935లో గ్రానైట్‌తో కట్టి, ఆయన రెండో కొడుకు పేరు పెట్టిన మార్కెట్ ఇది. శిథిలమవుతుంటే బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. మూల మీద గడియార స్తంభం, లోపల వరసగా ఐస్‌క్రీం దుకాణాలు, ముందు ఆరుబయట కుర్చీలు.

ఇక్కడి పేరంతా చేత్తో తిప్పిన పండ్ల ఐస్‌క్రీందే. చెక్క పీపాలో ఐసుముక్కలు, వాటి మీద రాళ్ల ఉప్పు, మధ్యలో పాలూ పండ్ల గుజ్జూ నింపిన లోహపు డబ్బా. ఆ డబ్బాని తిప్పుతూనే ఉండాలి. ఉప్పెందుకని పిల్లలు అడిగి తీరతారు. ఉప్పు కలిస్తే ఐసు సున్నా డిగ్రీల కంటే బాగా కిందికి దిగి కరుగుతుంది. కరగడానికి కావలసిన వేడిని డబ్బాలోని పాల నుంచి లాక్కుంటుంది. పాలు గోడకి అంటుకున్నచోట గడ్డకడతాయి, తిప్పడం వల్ల పెద్ద పలుకులు కట్టకుండా సన్నగా వస్తాయి. ఇంటికెళ్లాక చిన్న డబ్బా, పెద్ద గిన్నె, ఐసు, ఉప్పుతో చేసి చూడొచ్చు.

ఆదివారం సాయంత్రం కుర్చీలు దొరకడం కష్టం, నిలబడి తినడానికి సిద్ధపడే వెళ్లాలి. అడగాల్సింది మామిడిపండుది. అది ఈ సీజన్ దాకానే, మామిడి అయిపోతే అదీ అయిపోయినట్టే. సీతాఫలం కావాలని పెద్దవాళ్లెవరైనా పట్టుబడితే, దానికి దసరా రోజుల దాకా ఆగాలి.